పైన రాళ్లున్నాయట

మార్చి 3, సోమవారం

ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతున్న మనిషికి ఆఫీసులో ఎవరూ పని చెప్పరనుకున్నాను. చెప్పారు. ఆఫీసరమ్మ పిలిచి ఒక ఫైలు చేతిలో పెట్టింది. కొండ కింద ఊరివాళ్ల అర్జీ. కొండ వాలు అంతా అడవిశాఖదని మ్యాపు అంటోంది, కాదు తమదని ఊరు అంటోంది. ఇరవై ఏడున విచారణ. ఈలోపు నేను వెళ్లి పాత హద్దు సరిగా ఉందో లేదో చూసి రిపోర్టు రాయాలి.

"పాత సర్వే చేసింది కూడా మీరే కదా సర్వేయర్ గారూ. మీకు తేలిక," అంది.

తేలికే మరి. పరీక్ష రాసినవాడి చేతికే ఆ పేపరు ఇచ్చి దిద్దమనడం లాంటిది. ఇరవై రెండేళ్ల కిందటి మ్యాపు అది. కింద నా సంతకం, పైన నా చేతిరాతే: "హద్దు వెంట స్వయంగా నడిచి కొలిచాను." అక్షరాలు అప్పట్లో గుండ్రంగా ఉండేవి.

మోకాలు మళ్లీ పట్టేసింది. ఫైలు ఇంటికి తేలేదు.

మార్చి 4, మంగళవారం

వెళ్లొచ్చాను. బస్సు ఇప్పుడు ఊళ్లోకే వెళ్తోంది. అప్పట్లో చివరి మూడు మైళ్లు నడిచేవాళ్లం.

దిగేసరికి అయిదారుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. మాట్లాడింది మాత్రం ఒకామే. గీతల తాత కోడలట. గీతల తాత నాకు గుర్తే. ఆ రోజు నన్ను హద్దు వెంట తీసుకెళ్లింది ఆయనే.

గీత సంగతి ఇక్కడ రాసుకోవాలి, నా సమర్థన అంతా దాని మీదే ఉంది. ఎండలు ముదరకముందు ఈ ఊరివాళ్లు దున్నిన పొలాల పై అంచున గడ్డీ గాదం చెక్కేసి, బండి పట్టేంత వెడల్పున నేలను బోడిగా చేస్తారు. కోసిన మోళ్లు తగలబెట్టినప్పుడు మంట ఆ బోడినేల దాటి కొండెక్కదు. గీత ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా కొట్టాలో ఏటా తాత చెప్పేవాడు. మ్యాపులో నేను అడవి హద్దుగా వేసింది ఆ గీతనే.

ఈసారి గీత కొట్టలేదు. ఎండుగడ్డి మోకాలెత్తున ఉంది.

"ఇంకా కొట్టలేదేంటమ్మా? నిప్పురవ్వ పడితే కొండంతా పోతుంది," అన్నాను.

"కొడితే అదే హద్దంటారు. కొట్టకపోతే కొండ కాలుతుంది. ఏం చేయమంటారో మీరే చెప్పండి సార్."

నేను సర్వేయర్ని మాత్రమే అన్నాను. ఆవిడ ఆ మాటను పక్కకు తోసేసి చెప్పుకుపోయింది.

"మేం ఒక చోట మూడేళ్లు దున్నుతాం, తర్వాత ఏడెనిమిదేళ్లు వదిలేసి ఇంకో చోటికి జరుగుతాం. వదిలేసిన చోట చెట్లు మొలవవా? మొలిస్తే అది అడవి అయిపోతుందా? దున్నే చోటు మారితే గీత కూడా మారుతుంది. మీరొచ్చిన ఏడు అట్టడుగున దున్నాం, కాబట్టి గీత అట్టడుగున ఉంది. మా అసలు హద్దు పైన రాళ్ల దగ్గర. మీ గీతకీ మా రాళ్లకీ మధ్య ఉన్నదంతా మా బీడే. పన్నెండేళ్ల కిందట అడవిశాఖ వచ్చి స్తంభాలు పాతింది. అప్పట్నుంచి సగం ఊరు కూలికి పోతోంది."

దున్నే చోటుతో పాటు కదిలే గీతను నేను మేకు కొట్టి నిలబెట్టానన్నమాట. కానీ ఆ రోజు నాకు ఇదెవరూ చెప్పలేదు. తాత తీసుకెళ్లాడు, నేను వెళ్లాను. అదే అన్నాను ఆవిడతో.

"మా మామ కూడా అదే అంటాడు. ఊరంతా అదే అంటుంది, దారి తప్పించి తీసుకెళ్లి భూమి పోగొట్టాడని. నా మొగుడు ఆ స్తంభాలు పాతిన రోజు నుంచి కన్నతండ్రితో మాట్లాడడు. ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాం. అన్నం నేను పట్టుకెళ్తాను."

తాత ఆ గోడ నీడనే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు మసకలు. నా గొంతు విని తలెత్తాడు.

"బూట్ల సారా? కాలు తగ్గిందా బాబూ?"

ఇరవై రెండేళ్ల కిందట ఆఫీసువాళ్లిచ్చిన కొత్త బూట్లు మడమ కొరికేశాయి. ఆ పుండు గురించి అడుగుతున్నాడు. తగ్గింది అన్నాను.

మార్చి 5, బుధవారం

రిపోర్టు మొదలుపెట్టాను. "పాత హద్దు సరిగానే ఉన్నది" అని ఒక వాక్యం రాశాను. తర్వాత ఏం రాయాలో తోచలేదు. టీ తాగొచ్చాను. అయినా తోచలేదు.

మార్చి 6, గురువారం

రికార్డు గదికి వెళ్లి నా పాత ఫీల్డు పుస్తకం వెతికాను. వెతకమని ఎవరూ చెప్పలేదు. మ్యాపు గీసేముందు కొలతలు అక్కడికక్కడే రాసుకునే పుస్తకం అది. మ్యాపు ఆమోదం పొందాక దాని మొహం ఎవరూ చూడరు. అట్ట చెదలు తినేసింది, లోపలి కాగితాలు బాగానే ఉన్నాయి. నలభై ఒకటో పేజీ, కొలతల పక్కన, పెన్సిలుతో:

"పైన రాళ్లున్నాయట. పదకొండు. తాత చెప్పాడు. రేపు."

నా రాతే. గుండ్రటి అక్షరాలు.

రికార్డు గది గుమస్తా "దొరికిందా సార్?" అని కేకేశాడు. లేదన్నాను. పుస్తకం సంచిలో టిఫిను డబ్బా కింద పెట్టుకుని వచ్చేశాను. ముప్ఫై ఆరేళ్ల ఉద్యోగంలో రిజిస్టరులో రాయకుండా ఒక కాగితం బయటికి తేవడం ఇదే మొదలు.

మార్చి 7, శుక్రవారం

ఇవాళంతా గుర్తుచేసుకున్నాను. ఆ "రేపు" ఎందుకు వెళ్లలేదంటే, ఆ వారం అమ్మాయికి జ్వరం. సాయంత్రం బస్సుకే వచ్చేయమని కబురొచ్చింది. తండ్రి అన్నవాడు ఎవడైనా వచ్చేస్తాడు. ఆ తర్వాత వేరే ఊళ్ల సర్వే మీద పడింది.

జ్వరంలో ఉన్న పిల్లను వదిలి రాళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటామా?

మార్చి 9, ఆదివారం

మా ఆవిడకు బీరువా పైన పుస్తకం కనపడింది. తుడవందే వదలదు కదా ఏదీ.

"ఇదేంటండీ, ఆఫీసు చెదలు ఇంటికి మోసుకొచ్చారు?"

మాటల్లో మాటగా అడిగాను, అమ్మాయికి జ్వరం వచ్చి నేను కొండ ఊరి నుంచి పరిగెత్తుకొచ్చాను, గుర్తుందా అని.

"జ్వరం అంతకు ముందేడు. అప్పుడు మీరు వరసగా మూడు రోజులు ఇంట్లోనే ఉన్నారు. కొండ ఊరి నుంచి మీరొచ్చింది బూట్లు చేత్తో పట్టుకుని. వీధి చివరి నుంచి చూసి నవ్వాను, అందుకే గుర్తుంది."

ఆవిడ జ్ఞాపకశక్తికి ఏ ఆఫీసులోనో ఉద్యోగం ఇవ్వాల్సింది. కూరల్లో ఉప్పు మాత్రం మర్చిపోతుంది.

సరే, బూట్లే. మడమ రక్తం కారుతుంటే కొండ ఎలా ఎక్కుతాను? ఇంత చిన్న సంగతి ఎవరికైనా అర్థమవుతుంది.

మార్చి 10, సోమవారం

ఆఫీసరమ్మ అడిగింది. "ఆ ఫీల్డు పుస్తకం ఉంటే విచారణకు తీసుకురండి సర్వేయర్ గారూ. ఊరివాళ్లు మాట ఒక్కటే చెప్తున్నారు, కాగితం ఏదీ లేదు. కాగితం లేకుండా నేనేం చేయలేను."

ఆమె చెడ్డదేం కాదు. ఆమె బల్ల మీద ఇలాంటి ఫైళ్లు గడ్డం దాకా ఉన్నాయి. వేళకు భోజనం చేయగా నేనెప్పుడూ చూడలేదు.

దొరకలేదు మేడమ్ అన్నాను.

మార్చి 12, బుధవారం

మనవరాలు మొన్న వచ్చినప్పుడు సొరుగులో రబ్బరు వదిలేసి వెళ్లింది. గులాబీ రంగుది, ఏదో పండు వాసన.

మార్చి 13, గురువారం

తాత తీసుకెళ్లాడు, నేను వెళ్లాను.

మార్చి 15, శనివారం

నిద్ర లేదు, ఆకలి లేదు. బస్టాండులో తెలిసినవాళ్లు పలకరిస్తే రిటైరవుతున్నానన్న బెంగ అనుకుంటున్నారు. అలాగే అనుకోనిస్తున్నాను. ఒకాయన ఉదయాన్నే నడవమని సలహా ఇచ్చాడు. నడక గురించి నాకు చెప్పనివాడు లేడు ఈ మధ్య.

నేను ఒక్కణ్ణేనా తప్పు చేసింది? నా మ్యాపు మీద ముగ్గురు పై అధికారులు సంతకం చేశారు. వాళ్లు ఎక్కారా కొండ? ఒకాయన ఇప్పుడు లేడు కూడా. ఇప్పుడు నేను నోరు విప్పితే ముగ్గురి సంతకాలూ ఎగిరిపోయి నాదొక్కటే మిగులుతుంది. విచారణ పెడతారు, రిటైర్మెంటు కాగితాలు ఆపేస్తారు. ముప్ఫై ఆరేళ్లు ఒక్క మాట పడకుండా నెట్టుకొచ్చాను. చివరి నాలుగు నెలలు కూడా నెట్టేస్తే సరిపోతుంది. ఊరివాళ్లకు వేరే దారి ఏదో ఉండే ఉంటుంది. ఉండాలి.

మార్చి 17, సోమవారం

మళ్లీ వెళ్లాను. రిపోర్టు కోసం అని ఆఫీసులో చెప్పాను. ఎందుకు వెళ్లానో నాకే సరిగ్గా తెలియదు. రాళ్లు లేకపోతే బాగుండు అనుకుంటూ వెళ్లాననుకుంటా. ఇన్నేళ్లలో ఎవరో ఎత్తుకెళ్లి ఇంటి పునాదుల్లో వేసుకుని ఉంటే నా మనసు కుదుటపడేది.

కోడలు కొడవలి పట్టుకుని ముందు నడిచింది, నేను వెనక. మోకాలి బాధకు నేను రెండుసార్లు కూర్చున్నాను. రెండోసారి నీళ్ల సీసా ఇచ్చింది.

"ఆ రోజు కూడా ఇలాగే కూర్చున్నారా?"

"గుర్తులేదమ్మా."

"మా మామకు గుర్తుంది. మీకు బూటులో మెత్తగా ఉంటుందని ఆకులు మడిచి ఇచ్చాడట."

ఇచ్చాడు. ఆ మాట వినేదాకా గుర్తులేదు.

రాళ్లు ఉన్నాయి. నడుమెత్తు కుప్పలు, కింద పెద్దవి, పైకి పోనుపోను చిన్నవి. నాచు పట్టి ఉన్నాయి. నా తాత ముత్తాతల కాలం నాటివి అయి ఉంటాయి. ఒక కుప్ప నుంచి చూస్తే తర్వాతి కుప్ప కనపడేలా పేర్చారు. పేర్చినవాడెవడో కానీ నాకంటే మంచి సర్వేయరు. ఒకటి నుంచి పదకొండు దాకా నడిచాను. చివరి దాని మీద చెయ్యి వేసి కిందకి చూస్తే ఊరూ, పొలాలూ, మధ్యలో అడవిశాఖ పాతిన సిమెంటు స్తంభాలూ అన్నీ కనిపించాయి. గీతకీ రాళ్లకీ మధ్య నేల ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. మ్యాపులో అది నా బొటనవేలంత ఉంటుంది.

మొత్తం రెండు గంటల నడక. ఆ రోజు రెండు గంటలు నా దగ్గర ఉన్నాయి. బస్సు నాలుగున్నరకి. గీత వెంట నడక పన్నెండింటికే అయిపోయింది. మిగతా వేళంతా తాత ఇంటి నీడలో పడుకున్నాను. ఇది కూడా ఇవాళే గుర్తొచ్చింది, లేదా ఇవాళే ఒప్పుకున్నాను.

దిగి వచ్చాక తాత దగ్గర కూర్చున్నాను. కోడలు లోపలికి వెళ్లింది.

"పెద్దాయనా, ఆ రోజు రాళ్ల గురించి మీరు నాతో..." అని ఆగిపోయాను.

"చెప్పలేదు బాబూ. అదే నా తప్పు. మొదట్లో చెప్పాననే అనుకునేవాణ్ణి. చెప్పాను చెప్పాను అని అందరితో పోట్లాడాను కూడా. చెప్తే సారు రాసుకోడా, చదువుకున్నవాడు కదా అన్నారు. నిజమే కదా. ఇంతమంది అంటుంటే చెప్పలేదేమో అనిపించింది. ఇప్పుడు చెప్పినట్టు గుర్తు కూడా లేదు. మీరు కుంటుతున్నారు కదా, తేలిక దారిన తీసుకుపోదాం అనుకున్నాను, అంతే గుర్తుంది."

అక్కడికక్కడ ఒక్క మాట చెప్పొచ్చు. చెప్పలేదు. బస్సు వేళవుతోందన్నాను.

మార్చి 18, మంగళవారం

సెలవు. మోకాలికి వేడినీళ్ల కాపడం.

పన్నెండో తారీఖున రాయనిది రాస్తాను. ఆ రోజు రబ్బరుతో తుడిచాను. "పైన రాళ్లున్నాయట" నుంచి మొదలుపెడదామనుకున్నాను, చెయ్యి ఎందుకో చివరి మాట మీదకు పోయింది. "రేపు" ఒక్కటే తుడిచాను. అక్కడితో ఆపేశాను. కాగితం గరుకుగా లేచింది. ఏటవాలుగా పట్టుకుని చూస్తే అక్షరాల గుంటలు ఇంకా కనపడుతున్నాయి. గట్టిగా నొక్కి రాశానన్నమాట. నిజంగానే రేపు వెళ్లాలనుకున్నాను కాబోలు.

జ్వరం కాదు. బూట్లు కూడా కాదు, మర్నాటికి చెప్పులు వేసుకుని వెళ్లొచ్చు. ఎండగా ఉంది. ఎక్కబుద్ధి కాలేదు. అంతే.

ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది. కుప్పలు పేర్చినవాళ్ల ముందూ, పన్నెండేళ్లు కొడుకు మొహం చూడని మనిషి ముందూ పెట్టడానికి ఇది మరీ చిన్నది. సిగ్గుగా ఉంది.

మార్చి 21, శుక్రవారం

మా ఆవిడకు చెప్పేశాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మొత్తం విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు, అందుకే భయమేసింది.

"చెప్తే ఏమవుతుంది మీకు?"

"విచారణ. రిటైర్మెంటు కాగితాలు ఎప్పటికి తేలతాయో తెలియదు. పేపర్లో కూడా వేస్తారేమో."

"చెప్పకపోతే?"

"ఏమీ అవదు."

"ఏమీ అవకుండానే పది రోజుల్లో ఇలా చిక్కిపోయారా?" అని గిన్నె పట్టుకుని లేచింది. వంటింట్లోంచి మళ్లీ అంది, "తుడిచిన సంగతి కూడా చెప్పండి. సగం చెప్పి ఇంటికి రాకండి, ఆ మిగతా సగం నేను భరించలేను."

మార్చి 24, సోమవారం

రిపోర్టు చింపేశాను. కొత్తది రాశాను. పేజీన్నర. ఎవరికీ ఇవ్వలేదు ఇంకా.

మార్చి 26, బుధవారం

రేపు.

ఈ మాట రాయగానే పెన్ను పక్కన పెట్టేశాను.

మార్చి 27, గురువారం

ఇలా జరిగింది. మర్చిపోకముందే రాస్తున్నాను, నా మతిమరుపు ఎలాంటిదో ఇప్పుడు తెలిసింది కదా.

ఆఫీసు మీటింగు హాలు. ఊరి నుంచి ముప్ఫై మంది దాకా వచ్చారు. కుర్చీలు చాలక గోడ వెంట బల్లలు వేశారు. ఒక బల్ల చివర తాత కొడుకు కూర్చున్నాడు. ఎవరూ చెప్పకపోయినా గుర్తుపట్టాను, గడ్డం అచ్చం తాతదే. తాత కోడలి భుజం పట్టుకుని వచ్చి వేరే బల్ల మీద కూర్చున్నాడు. ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి ఎవరికీ తగలడం లేదు.

అడవిశాఖ ఆయన మ్యాపు గోడకు తగిలించి మాట్లాడాడు. మర్యాదస్తుడే. మ్యాపులో ఉన్నది చెప్పాడు, అందులో అబద్ధం లేదు. అబద్ధం నాది.

ఆఫీసరమ్మ ఊరి తరఫున ఎవరు చెప్తారని అడిగింది. కోడలు లేవబోతుంటే తాత ఆమె చెయ్యి పట్టుకుని ఆపి తనే లేచాడు.

"తప్పు నాదే అమ్మా. ఆ సారు కాలు నొప్పితో ఉన్నాడు. తేలికగా ఉంటుందని గీత వెంట తీసుకెళ్లాను. రాళ్ల సంగతి నేను చెప్పలేదు. చెప్పనిదాన్ని ఆయన ఎలా రాస్తాడు? ఆయన్నేమీ అనకండి. మా బీడు మాకిచ్చేయండి. నన్నేమైనా చేసుకోండి."

కొడుకు నేల చూస్తున్నాడు.

నేను లేచాను. ఏం చెప్పాలో మూడు రోజులుగా అనుకున్నవన్నీ పోయాయి. సంచిలోంచి పుస్తకం తీసి ఆఫీసరమ్మ బల్ల మీద పెట్టాను.

"నలభై ఒకటో పేజీ మేడమ్."

"దొరకలేదన్నారు కదా?"

"అబద్ధం చెప్పాను. ఆరో తారీఖు నుంచి మా ఇంట్లోనే ఉంది. హద్దు వెంట నడిచానని రాసింది కూడా అబద్ధమే. గీత వెంట నడిచాను. పైకి ఎక్కలేదు. మొన్న పదిహేడున ఎక్కాను. పదకొండు రాళ్ల కుప్పలూ ఉన్నాయి. కొలతలు రిపోర్టులో రాశాను."

ఆమె చదువుకుంది. కాగితం మీద వేలు పెట్టి ఆగింది.

"ఇక్కడ ఏదో తుడిచినట్టుంది."

"రేపు అని ఉండేది."

"ఎప్పుడు తుడిచారు?"

"పన్నెండో తారీఖున. నేనే."

ఆమె కళ్లజోడు తీసి కాసేపు కళ్లు నలుపుకుంది. కోపమో అలసటో తెలియలేదు. తర్వాత చెప్పాల్సినవన్నీ చెప్పింది. వేరే సర్వేయరు చేత మళ్లీ కొలిపిస్తారు. అది తేలేదాకా బీడులో అడుగుపెట్టిన ఊరివాళ్లను ఎవరూ వెళ్లగొట్టకూడదు, కొత్త స్తంభాలు పాతకూడదు. ఈలోపు ఊరివాళ్లు గీత కొట్టుకోవచ్చు, దాన్ని హద్దుగా లెక్కపెట్టరని రాసిస్తారు. నేను వారం లోపల లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి, అంతవరకు ఆఫీసుకు రానక్కర్లేదు. భూమి వచ్చేసినట్టు కాదు, మళ్లీ కొలవడం ఎన్నాళ్లు పడుతుందో ఆమెకూ తెలియదు. ఆ మాట కూడా దాచకుండా చెప్పింది.

ఇదంతా తాతకు సగమే వినపడినట్టుంది.

"ఆ పుస్తకంలో ఏముందమ్మా?" అని అడిగాడు.

ఆఫీసరమ్మ గట్టిగా చదివింది. "పైన రాళ్లున్నాయట. పదకొండు. తాత చెప్పాడు."

తాత ఇంకోసారి చదవమన్నాడు. ఆమె మళ్లీ చదివింది. తాత గోడ తడుముకుంటూ నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను.

"బాబూ, అయితే నేను చెప్పానా?"

"చెప్పారు పెద్దాయనా. కర్ర ఎత్తి పైకి చూపించారు కూడా. నేనే రేపు చూద్దాం అన్నాను."

"చెప్పానా," అన్నాడు మళ్లీ. నన్ను అడగడం కాదు, తనకు తనే అనుకున్నాడు. నన్ను అక్కడే వదిలేసి వెనక్కి తిరిగాడు. గోడ వెంట ఒక్కొక్కరి భుజమే తడుముకుంటూ చివరి బల్ల దాకా నడిచాడు. కోడలు లేచి సాయం పట్టబోయి ఆగిపోయింది. తాత వెళ్లి కొడుకు ఎదుట నిలబడ్డాడు.

"విన్నావా? చెప్పానట."

కొడుకు తలెత్తలేదు. కాసేపటికి బల్ల మీద కొంచెం పక్కకు జరిగాడు. తాత ఆ ఖాళీని చేత్తో తడిమి చూసుకుని కూర్చున్నాడు.